వెనక్కి తిప్పిన నలభై ఏడు నిమిషాలు

2004 జనవరి 19, సోమవారం

మా సీనియర్ బాబీ ఈరోజు కూడా పన్నెండింటికి వచ్చాడు. కాఫీ తాగాడు, ఎవరో హీరో కొత్త కారు గురించి అరగంట మాట్లాడాడు, తర్వాత నేను మూడు వారాలు కష్టపడి రాసిన కోడ్‌ను పది నిమిషాల్లో చదివేశాడు. చదివి ఒక్క వాక్యం రాసి పంపాడు: "సిస్టమ్ గడియారాన్ని నమ్మకు, మెషిన్ ఆన్ చేసినప్పటి నుంచి ఎన్ని సెకన్లు అయ్యాయో అది లెక్కపెట్టు."

పన్నెండింటికి ఆఫీసుకు వచ్చేవాడు నాకు గడియారం గురించి చెబుతున్నాడు.

"టైము ఎప్పుడూ ముందుకే పోతుంది కదా, వెనక్కి ఎందుకు వస్తుంది?" అని అడిగాను.

"ఏమో, ఇది ఫిల్మ్‌నగర్ కదా తల్లీ. ఇక్కడ ఏదైనా వస్తుంది. నీ ఇష్టం, ఓకే చేసేస్తున్నా. నెలాఖరుకి నిన్ను పర్మనెంట్ చేయాలిగా" అన్నాడు.

దయ తలిచాడు! వాళ్ళ మామయ్య ఎవరో నిర్మాత కాబట్టి ఉద్యోగం వచ్చినవాడు.

సినిమా రీళ్ళను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా ఆఫీసు పని, నేను రాసిన ఆ కోడ్‌లోని పది నిమిషాల నిబంధన పూర్తిగా నాది. స్కానర్ ఒక రీలును సర్వర్‌లోకి ఎక్కించేటప్పుడు డిస్కులో పక్కపక్కనే ఉన్న ఖాళీ చోట్లను, అంటే బ్లాకులను, ముందుగానే పట్టి పెట్టుకుంటుంది. లేకపోతే సినిమా ఆగి ఆగి ఆడుతుంది. పట్టి పెట్టుకుని పది నిమిషాలు వాడకపోతే ఆ బ్లాకులు వేరేవాళ్ళకు ఇచ్చేయాలి. ఇంతకుముందు ఇవ్వడమే లేదు, డిస్కు సగం ఖాళీగా ఉండి కూడా నిండిపోయిందని చెప్పేది. ఆరేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్న బాబీకి ఆ సంగతి పట్టలేదు. ఆరు నెలల కిందట వచ్చిన నాకు పట్టింది.


జనవరి 23, శుక్రవారం

ఈరోజు జరిగింది రాసి పెట్టుకోవాలి, ముసలిదాన్ని అయ్యాక నవ్వుకోవడానికి.

ఒక కొత్త సినిమాకు ఎడిటింగ్ ముహూర్తం. ఇక్కడి ఆచారం ఏమిటంటే, షూటింగ్ మొదటి రోజు కొబ్బరికాయ కొట్టిన షాటు ఉంటుంది కదా, దాన్నే అన్నిటికంటే ముందు సర్వర్‌లోకి ఎక్కించాలి. అదీ సిద్ధాంతి చెప్పిన నిమిషానికి. తర్వాత ఆ ఫైలు పుట్టిన టైమును కాగితం మీద ప్రింటు తీసి, పసుపు పూసి, నిర్మాత ఇంట్లో దేవుడి గదిలో పెడతారు. ఇంజనీరింగ్ చదివి నేను చేస్తున్న పని ఇది.

ముహూర్తం 10:12. ప్రొడక్షన్ మేనేజరు కాశీవిశ్వనాథం గారు టేపు తీసుకుని సర్వర్ ఉన్న మా సెల్లార్‌లోకి దిగేసరికి 10:50 దాటింది. ఎక్కడ ఆలస్యమైంది అంటే, టేపుకు గుడిలో పూజ చేయించారట. ముహూర్తానికి పూజ చేయిస్తూ ముహూర్తం దాటించారు. ఇలాంటి మనుషుల చేతుల్లో కోట్లు తిరుగుతున్నాయి.

ఆయన నా కుర్చీ పక్కన నిలబడి చేతులు పిసుక్కున్నారు. "అమ్మా కౌసల్యా, బంగారు తల్లీ. ఫైలు మీద పది పన్నెండు అని పడేట్టు చూడమ్మా. నిర్మాతగారికి తెలిస్తే నన్ను ఈ కొండ మీంచి దొర్లిస్తాడు."

"టైము ఎలా మార్చమంటారండీ?"

"కంప్యూటరే కదమ్మా! దానికేం తెలుసు?"

దానికేం తెలుసు! నాకు నవ్వొచ్చింది. సర్వర్ గడియారంలో అప్పుడు 10:59. దాన్ని 10:12 చేశాను. ఒక్క వరుస కమాండ్. టేపు ఎక్కించాం, పన్నెండు నిమిషాలు పట్టింది, ప్రింటు తీశాం, మళ్ళీ గడియారాన్ని యథాస్థానానికి తెచ్చాను. కాశీవిశ్వనాథం గారు రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టారు. అరవై ఏళ్ళ మనిషి.

టేపులు ఎక్కించే భిక్షం అన్నీ చూస్తూ నిలబడ్డాడు. ఇన్ని కంప్యూటర్లున్న ఆఫీసులో అతనికి ఒక అట్ట పుస్తకం ఉంటుంది. ఏ రీలు, ఏ టేపు, ఎన్నింటికి అని తన చేతి గడియారం చూసి అందులో రాస్తాడు. ఒకప్పుడు సైకిల్ మీద ఒక టాకీసు నుంచి ఇంకో టాకీసుకు రీళ్ళ డబ్బాలు మోసేవాడట, ఆ అలవాటు పోలేదు.

"గిది గూడ రిజిస్టర్ల రాయాల్నా బిడ్డా?" అన్నాడు.

"అవసరం లేదు. సర్వర్‌లో అన్నీ ఉంటాయి" అన్నాను.


జనవరి 24

జలుబు. పని తక్కువ. బాబీ రాలేదు, తేడా తెలియలేదు.


జనవరి 27, మంగళవారం

నిన్న సెలవు. ఈరోజు నిర్మాతకు ముహూర్తం షాటు వేసి చూపించారు. సకుటుంబంగా వచ్చారు, స్వీటు పెట్టెలతో.

నిర్మాత భార్య హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. హీరో కొబ్బరికాయ ఎత్తాడు. ఎత్తిన చేయి కిందికి దిగే లోపల తెర మీద పాడె వచ్చింది. నలుగురు మనుషులు మోసుకుపోతున్న పాడె, ముందు నిప్పుకుండ. రెండున్నర సెకన్లు. తర్వాత కొబ్బరికాయ పగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద. గదిలో ఎవరూ కొట్టలేదు.

నిర్మాత భార్య ఏడ్చింది. నిర్మాత లేచి వెళ్ళిపోయాడు. స్వీటు పెట్టెలు కూడా తీసుకుపోయారు.

ఆ పాడె వేరే సినిమాది. శుక్రవారం అదే సమయానికి దాని నాలుగో రీలు స్కాన్ అవుతోంది, అందులో హీరో తండ్రి చనిపోతాడు.

యజమాని సూర్యప్రకాశరావు గారు సెల్లార్‌లోకి వచ్చి అరిచారు. "ఎవడయ్యా టేపులు కలిపేసింది?"

భిక్షం అన్నాడు, "నేనెక్కించింది ఒక్కటే టేప్ సార్. ఆ రీల్ దాని డబ్బాల అదున్నది, ఈ టేప్ ఇదున్నది. కలుపుడు యాడిది?"

"ముందు నుంచీ చెబుతూనే ఉన్నానండీ" అన్నారు కాశీవిశ్వనాథం గారు, "చదువు లేనివాళ్ళను మెషిన్ల దగ్గర పెట్టకండీ అని."

సూర్యప్రకాశరావు గారు నా వైపు తిరిగారు. "సాఫ్ట్‌వేర్‌లో ఇలా జరిగే ఛాన్స్ ఉందా అమ్మా?"

"లేదు సార్" అన్నాను. వెంటనే అన్నాను.

భిక్షం నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు.


జనవరి 28

నేను అన్నది నిజమే. సాఫ్ట్‌వేర్‌లో జరగదు. ఒక బ్లాకు ఇద్దరికి ఇవ్వడం అసాధ్యం, ఖాళీలు చూపే పటంలో నిండిన చోట గుర్తు ఉంటుంది, గుర్తు ఉన్న చోటు ఇంకొకరికి ఇవ్వదు.

అయినా నిజాయితీగా చూడాలి కదా, చూశాను. పాడె ఫైలు చిరునామాలు, కొబ్బరికాయ ఫైలు చిరునామాలు పక్కపక్కన పెట్టాను. అరవై మూడు ఫ్రేములు రెండింటికీ ఒకే చోట ఉన్నాయి.

అంటే జరిగింది.

అయితే ఇది బాబీ రాసిన పాత భాగంలో తప్పు అయి ఉండాలి. ఆరేళ్ళ కిందటి కోడ్, వ్యాఖ్యలు లేవు, వేరియబుల్స్‌కు హీరోయిన్ల పేర్లు. ఇలాంటి కోడ్‌లో పాడె రాక ఇంకేం వస్తుంది?

శుక్రవారం ఏ పని ఎన్నింటికి జరిగిందో సర్వర్ రాసుకున్న లాగ్ మొత్తం టైము ప్రకారం వరుసలో పెట్టుకుని చదివాను. ఎక్కడా ఏ తేడా కనిపించలేదు. 10:12 నుంచి 10:24 మధ్య రెండు పనులూ పక్కపక్కనే జరుగుతున్నాయి, అంతే.


జనవరి 29

భిక్షాన్ని విచారణ అయ్యేదాకా రావద్దన్నారట. విచారణ అని పేరు. ఫిబ్రవరి మొదటి వారంలో వేరే మనిషిని పెట్టుకుంటారని అకౌంట్స్ అమ్మాయి చెప్పింది.

కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది అతను.


జనవరి 30, శుక్రవారం

బాబీ పాత కోడ్ మూడోసారి చదివాను. అందులో తప్పు లేదు. అసహ్యంగా ఉంది, కానీ తప్పు లేదు.

మధ్యాహ్నం బాబీ తన కుర్చీ దొర్లించుకుంటూ వచ్చి నా స్క్రీన్ చూశాడు. "లాగ్‌ను ఎందుకు సార్ట్ చేశావ్? ఒరిజినల్ ఆర్డర్‌లో చూడు" అని వెళ్ళిపోయాడు. వడ పొట్లం కూడా నా టేబుల్ మీదే వదిలేశాడు.

సార్ట్ తీసేసి చూశాను.

10:57. 10:58. 10:59. 10:12.

సరిగ్గా అలాగే ఉంది. 10:59 తర్వాతి వరుసలో 10:12.

ఆ శుక్రవారం ఏం జరిగిందో నేనే ఈ పుస్తకంలో రాసుకున్నాను. వారం రోజులుగా ఆ పేజీ తెరవలేదు. తెరవాల్సిన పనేముంది అనుకున్నాను.

భిక్షం రిజిస్టర్ టేపుల అలమరలో అలాగే ఉంది. జనవరి 23. గుండ్రటి పెద్ద అక్షరాలు. "4వ రీలు, 10-40. టెంకాయ టేపు, 11-00." రాయొద్దన్నా రాశాడు.


జనవరి 31, శనివారం

నాన్న మధురానగర్‌లో మా కిరాయి గది మెట్ల మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. పాతికేళ్ళు జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టిన మనిషి కాలు. మా ఆఫీసు సెల్లార్ గోడలోంచి ఒక బండ సగం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పగలగొట్టలేక వదిలేసి దాని చుట్టూ గోడ కట్టారు. దాన్ని చూసినప్పుడల్లా నాన్న వదిలేసిందే అనుకుంటాను.

"నౌకరి పక్కా అయితదా బిడ్డా ఈ నెల?" అన్నాడు.

"అయితది నాయినా."

"మస్తు సదువుకున్నవ్. ఎవ్వలకు దండం పెట్టే అవసరం లేదు ఇగ నీకు."

ఆలోచించాను. కోడ్‌లో ఒక్క వరుస మారిస్తే చాలు. గడియారం బదులు మెషిన్ సెకన్లు లెక్కపెట్టాలి, బాబీ చెప్పినట్టే. మార్పుకు కారణం అన్నచోట "అరుదైన పరిస్థితి" అని రాస్తే ఎవరూ చదవరు. ఈ ఆఫీసులో ఎవరూ ఏదీ చదవరు. భిక్షానికి ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. స్టూడియోలు చాలా ఉన్నాయి.

నేను ఉద్యోగంలో ఉంటే అతనికి తర్వాత సాయం చేయొచ్చు కూడా.


ఫిబ్రవరి 1, ఆదివారం

పై వాక్యం ఈ పుస్తకంలో నేను రాసిన అన్నిటికంటే నీచమైనది. కొట్టేయను. ఉండనీ.

పొద్దున్నే ఎర్రగడ్డ వెళ్ళాను. భిక్షం ఇల్లు మార్కెట్ వెనక. అతను గుమ్మంలో కూర్చుని రేడియో దగ్గర పెట్టుకుని చేతి గడియారం సరిచేసుకుంటున్నాడు. పనికి పోని మనిషి, ఆదివారం పూట, రేడియో వార్తలకు గడియారం కలుపుకుంటున్నాడు.

"ఏంది కౌసల్యమ్మా, గింత దూరం?"

"రిజిస్టర్‌లో పదకొండు అని రాసినవ్."

"పదకొండైతే పదకొండనే రాస్త గద."

"మరి సార్ అడిగినప్పుడు జర చూపియ్యకపోతివి?"

"సూపిస్తే ఏమైతది? ఫైలు మీద పది పన్నెండు, నా పుస్తకంల పదకొండు. ఎవరు మార్చిండ్రని అడుగుతరు. నీ మెడకు సుట్టుకుంటది." గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఆ పొద్దు నువ్వు 'లేదు సార్' అంటివి గద. నేననుకున్న, పిల్లకు ఎరుక లేదేమో, సూసి చెప్తదిలే అని. రోజు గడిచె. రెండ్రోజులు గడిచె."

నేను గుమ్మం పక్కన కింద కూర్చున్నాను.

"కాశీవిశ్వనాథం సారు నన్ను సదువు లేనోడన్నడు. దానికి నాకు ఫికర్ లేదు, ఆయనకు సదువుండి గుడి కాడ గంట నిలవడ్డడు. నీ సంగతే నాకు సమజ్ కాలే. గంత సదివినవ్, పెద్ద ముల్లు, సిన్న ముల్లు సూసుడు రాదానే నీకు?"

లోపలి నుంచి అతని భార్య "ఎవరొచ్చిండ్రు? చాయ్ పెట్టాల్నా?" అని అడిగింది.

"ఆఫీసు మేడం. తాగదేమోలే" అన్నాడు భిక్షం.

చాయ్ తాగే వచ్చాను. చాలా సేపు కూర్చుని తాగాను.


ఫిబ్రవరి 2, సోమవారం

సూర్యప్రకాశరావు గారి గదిలోకి వెళ్ళాను. కాశీవిశ్వనాథం గారు అక్కడే ఉన్నారు, సర్వర్ గదికి శాంతిహోమం చేయించడం గురించి మాట్లాడుతున్నారు. బాబీ సోఫాలో ఉన్నాడు.

రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్నట్టే చెప్పాను. "సార్, డిస్కును లాడ్జీ అనుకోండి. ఒక యూనిట్ ముందుగా గదులు బుక్ చేసుకుంది. పది నిమిషాల్లో దిగకపోతే ఆ గదులు వేరేవాళ్ళకు ఇవ్వాలని నేను రూలు పెట్టాను. బుక్ చేసింది 10:55కి. అప్పుడు ఎవరో గోడ గడియారాన్ని 10:12కి తిప్పారు. గుమస్తా 10:12లోంచి 10:55 తీసేశాడు. లెక్క మైనస్‌లోకి పోయింది. నా గుమస్తాకు మైనస్ తెలియదు, దాన్ని కొన్ని వేల గంటలని చదివాడు. ఇంతకాలమైనా రాలేదా అని ఆ గదులు ఇంకో యూనిట్‌కు ఇచ్చేశాడు. మొదటివాళ్ళు తాళంచెవితో వచ్చి దిగిపోయారు. ఒకే గదిలో పెళ్ళివాళ్ళు, చావువాళ్ళు."

"గడియారం ఎవరు తిప్పారు?" అన్నారు సూర్యప్రకాశరావు గారు.

"నేను సార్. రూలు రాసింది నేను, తిప్పింది నేను. కాశీవిశ్వనాథం గారు అడిగితే తిప్పాను. భిక్షం తప్పు ఏమీ లేదు."

ఆయన కోప్పడతారని సిద్ధంగా ఉన్నాను. ఆయన కాశీవిశ్వనాథం గారిని చూశారు. కాశీవిశ్వనాథం గారి ముఖం పాలిపోయింది, కానీ నేను అనుకున్న కారణానికి కాదు.

"అమ్మా, అమ్మా! ఈ మాట గది దాటకూడదు! అసలు ఎక్కించింది పదకొండింటికని తెలిస్తే ఇంకేమైనా ఉందా? పాడె అయితే ఎవడో పనివాడి పొరపాటు అని సర్దిచెప్పాను. ముహూర్తమే అబద్ధం అంటే ఆయన సినిమా ఆపేస్తాడు!"

"నిజమే కదా" అన్నారు సూర్యప్రకాశరావు గారు నెమ్మదిగా. "కౌసల్యా, నువ్వు నిజం చెప్పావు, మెచ్చుకుంటున్నా. ఆ బగ్ ఫిక్స్ చేసేయ్. మిగతాది మేం చూసుకుంటాం. భిక్షానికి ఒక నెల జీతం ఎక్కువిచ్చి పంపుదాం."

అప్పుడు అర్థమైంది. వీళ్ళకు కారణం అక్కర్లేదు. చదువు లేని ఒక మనిషి చాలు. నేనూ నోరు మూసుకుని ఐదు రోజులు వాళ్ళకు సరిపోయే మనిషిగా ఉన్నాను.

నాకు పంచాంగం మీద నమ్మకం లేదు. కానీ మా అమ్మకు ఉంది, శుక్రవారం రాహుకాలం ఎప్పుడో నాకు కంఠతా వచ్చు.

"పదిన్నర నుంచి పన్నెండు వరకు రాహుకాలం సార్" అన్నాను. "టేపు ఎక్కించింది నడి రాహుకాలంలో. భిక్షం రిజిస్టర్‌లో టైము రాసి ఉంది. భిక్షం వెళ్ళిపోతే ఆ రిజిస్టర్ తీసుకుని నేను నిర్మాతగారి ఇంటికి వెళతాను. శ్రీనగర్ కాలనీయే కదా, ఆటో దొరుకుతుంది."

బాబీ సోఫాలోంచి పగలబడి నవ్వాడు. కాశీవిశ్వనాథం గారు కుర్చీలో కూలబడ్డారు.

"బెదిరిస్తున్నావా?" అన్నారు సూర్యప్రకాశరావు గారు.

"అవును సార్."

తలుపు వైపు నడిచాను.

బయటికి వచ్చాక బాబీ, "నువ్వు ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కేసువి తల్లీ" అన్నాడు. తర్వాత, "నేను కూడా ఓకే చేశా కదా ఆ కోడ్. నా పేరు కూడా చెప్పాల్సింది" అన్నాడు. పన్నెండింటికి వచ్చేవాడు అలాంటి మాట అంటాడని నేననుకోలేదు. అయినా వడ పొట్లాలు నా టేబుల్ మీద పెట్టకూడదు.


ఫిబ్రవరి 3

భిక్షం వచ్చాడు. అలమర తుడుచుకున్నాడు.

కోడ్ మార్చాను. గడియారం తీసేసి మెషిన్ సెకన్లు పెట్టాను, మైనస్ వస్తే ఆగిపోయేలా చేశాను. తర్వాత పరీక్ష కోసం పాత డిస్కు మీద గడియారాన్ని ముందుకూ వెనక్కూ నలభైసార్లు తిప్పాను. ఒక్క బ్లాకు కూడా ఇద్దరికి పోలేదు. కారణం అన్నచోట "అరుదైన పరిస్థితి" అని రాయలేదు. జరిగింది జరిగినట్టు ఏడు వరుసలు రాశాను, చివర నా పేరు.

ముహూర్తం షాటు మళ్ళీ ఎక్కించారు, కొత్త ముహూర్తానికి. నిర్మాతకు ఈసారి చెప్పిన కారణం వైరస్ అట. ఆయన వెంటనే నమ్మాడట.


ఫిబ్రవరి 5

పర్మనెంట్ కాలేదు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు. ఉత్తరంలో కారణం "వృత్తిపరమైన పరిణతి లోపం".

నాన్నకు చెప్పాను. "ఎందుకట?" అన్నాడు. జరిగింది మొత్తం చెప్పాను. కాలికి నూనె రాసుకుంటూ, "ఆ బిక్షం ఏ ఊరోడు?" అని అడిగాడు. అదొక్కటే అడిగాడు.


ఫిబ్రవరి 25, బుధవారం

ఇంకో సినిమా, ఇంకో ముహూర్తం. 9:36.

కాశీవిశ్వనాథం గారు 9:10కే సెల్లార్‌లో ఉన్నారు. చెమటలు కక్కుతూ, టేపు గుండెలకు పట్టుకుని. బండ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

"ఇంక మస్తు టైమున్నది సార్, నీళ్ళు తాగుండ్రి" అన్నాడు భిక్షం.

9:36కి నొక్కాను. ప్రింటు వచ్చింది, ఆయన కళ్ళకద్దుకుని మెట్లెక్కి పరుగెత్తారు.

భిక్షం రిజిస్టర్‌లో 9-38 అని రాశాడు.

"రెండు నిమిషాలు తేడా ఉంది" అన్నాను.

"నాది కరెక్టే."

వాదించలేదు. రేడియోకు కలుపుకునే అతని గడియారం చేతికిమ్మని అడిగాను. ఇచ్చాడు. సర్వర్ రెండు నిమిషాలు వెనక ఉంది. ఎప్పటి నుంచో తెలియదు. పోయిన నెల నేను మళ్ళీ ముందుకు తిప్పినప్పుడు కళ్ళు మూసుకుని తిప్పి ఉంటాను. అతని ముల్లు చూస్తూ సరిచేశాను. స్కానర్ ఆ పక్కనే నడుస్తోంది, ఏదీ చెడలేదు.

భిక్షం పెన్ను తీసుకుని ఇంకో వరుస రాశాడు, నోటితో ఒక్కో అక్షరం పలుకుతూ. "సర్వర్ టైం మార్చింది, రెండు నిమిషాలు, కౌసల్య." రాసి పుస్తకం నా వైపు తిప్పాడు.

"సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను.